నేను తీసేయించిన పాట

మీరేం చేస్తారండీ అని ఎవరైనా అడిగితే హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతానండీ అని ఊరుకుంటాను. నా రెండో పని గురించి చెప్పాలంటే చాలాసేపు పడుతుంది. పాటల నాటకాలు తయారు చేయిస్తానంటే, రాస్తారా అని అడుగుతారు. రాయను. వరసలు కడతారా? కట్టను. నటిస్తారా? కాలేజీలో ఒక్కసారి నటించాను, చూసినవాళ్లకి అది చాలు. మరింకేం చేస్తారండీ అంటారు. కథ వెతుకుతాను. అది రాయగల మనిషిని పట్టుకుంటాను. ఆ కథలో మాట ఎక్కడ ఆగాలో, పాట ఎక్కడ మొదలవాలో, రాసేవాళ్లనీ వరస కట్టేవాళ్లనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి తేలుస్తాను. పాడేవాళ్లని పోగుచేస్తాను, హాలు చూస్తాను, నాటకం జనం ముందుకి వచ్చేదాకా ఎవరూ మధ్యలో అలిగి వెళ్లిపోకుండా చూసుకుంటాను. నిర్మాత అనే మాట ఉంది గానీ అది వినగానే అందరూ సినిమా అనుకుంటారు. అందుకే ఆ మాట వాడను.

పద్యనాటకాలకి ఏలూరులో ఎప్పుడూ జనం ఉంటారు. నాకు కావలసింది కొత్త కథలు, మన చుట్టూ ఉన్న మనుషులవి, పాటలతో నడిచేవి. పదిహేడేళ్లలో అలాంటివి ఐదు చేయించాను. ఒకటి బాగా ఆడింది, రెండు ఫరవాలేదు, రెండు ఎవరికీ గుర్తు లేవు. నాకు గుర్తున్నాయి.

మా పద్ధతి ఒకటుంది. స్టేజీ ఎక్కకముందు ముప్పై మందిని పిలిచి కుర్చీల్లో కూర్చోబెట్టి, హార్మోనియం ఒక్కటి పెట్టుకుని, నాటకం మొత్తం చదివి పాడి వినిపిస్తాం. రీడింగ్ అంటాం దాన్ని. ఆ రీడింగ్‌లో నేను పాడేవాళ్ల వైపు చూడను. గోడవారన కూర్చుని వినేవాళ్లని చూస్తాను. ఎక్కడ కుర్చీలో కదిలారు, ఎక్కడ ఫోన్ తీశారు, ఎక్కడ పక్కవాళ్లతో మాట్లాడారు, అన్నీ స్క్రిప్టు పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటాను. మర్నాడు ఆ గుర్తులు పట్టుకుని తీసేయడం మొదలుపెడతాను. నాకున్న విద్య అదొక్కటే, తీసేయడం. బాగున్న పాటనైనా సరే, దాని దగ్గర కథ ఆగిపోతుంటే తీయించేస్తాను. రాసినవాళ్లు నాలుగు రోజులు నాతో మాట్లాడరు. నాటకం ఆడాక మాట్లాడతారు.

వరసలు కట్టేది పంతులుగారు. తాడేపల్లిగూడెంలో పౌరోహిత్యం ఆయనకి. పెళ్లిళ్ల రోజుల్లో ఆయన దొరకరు. ముహూర్తాలు లేని మూఢంలో హార్మోనియం మీద కూర్చుంటే నెలరోజుల్లో పన్నెండు పాటలకి వరసలు కట్టేస్తారు. నాకంటే పదేళ్లు పెద్ద. మొదటి నాటకం నుంచీ ఆయనే. గురువారం సాయంత్రాలు గూడెం నుంచి రైల్లో వస్తారు, మా ఇంట్లో కాఫీ తాగి, స్కూలు పక్కన ట్యూషన్ సెంటర్ వాళ్ల మేడ మీద హాలుకి వస్తారు. అప్పటికి పధ్నాలుగేళ్లుగా గురువారం సాయంత్రం అంటే నాకు పంతులుగారు. ఇంకెవరికైనా ఆయన వరసలు కట్టవచ్చని నాకు తోచలేదు.

ఉంగుటూరు అమ్మాయి నాలుగో నాటకానికి కోరస్‌లో పాడడానికి వచ్చింది. అమ్మాయి అంటున్నాను గానీ అప్పటికే ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లలు. అత్తవారిది రైతు కుటుంబం, కాలవ కింద వరి. తను ఏలూరులో ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద పనిచేసేది, రోజూ బస్సు మీద వచ్చి వెళ్లేది. గొంతు మామూలుది. పాడేటప్పుడు పక్కవాళ్ల గొంతు వింటూ పాడేది, అందుకని తీసుకున్నాను.

మూడో వారం రిహార్సల్లో, అందరూ టీ తాగుతుంటే నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, ఒకటి చెప్పనా అండీ? తప్పయితే మర్చిపోండి."

"చెప్పమ్మా."

"రెండో పాట ఉండక్కర్లేదేమోనండీ. కథలో ఆ పిల్ల బాధపడుతోందని మొదటి పాటలో తెలిసిపోయింది కదండీ. రెండోది విన్నాక ఆ పిల్ల మీద జాలి తగ్గుతోంది."

రెండు నెలల నుంచి ఆ మొదటి సగం నాకు ఎక్కడో బరువుగా అనిపిస్తోంది, ఎక్కడో తెలియడం లేదు. ఆ అమ్మాయి అన్న క్షణంలో తెలిసింది. మెచ్చుకోవలసింది. "చూద్దాంలే" అన్నాను. మర్నాడు ఆ పాట తీయించేశాను, ఆ ఆలోచన నాదే అన్నట్టు అందరికీ చెప్పాను. ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు. ఎంతో సంతోషించింది. నన్ను అది ఇంకా ఇబ్బంది పెట్టింది.

ఆ తర్వాత నా పక్కనే కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టాను. పని నేర్పుతున్నానని చెప్పుకున్నాను. నిజంగానే నేర్పాను కూడా. వినేవాళ్లని ఎలా చూడాలో, పాటకి ముందు మాట ఎంత తక్కువ ఉంటే అంత మంచిదని ఎందుకంటామో, రాసేవాళ్లకి చెడ్డ కబురు ఏ వేళప్పుడు చెప్పాలో. ఆ అమ్మాయి చిన్న నోట్‌బుక్‌లో అన్నీ రాసుకునేది. నేను మాట్లాడుతుంటే ఒక మనిషి రాసుకోవడం నా జీవితంలో అదే మొదలు. ఫిజిక్స్ క్లాసులో కూడా అంత శ్రద్ధగా ఎవరూ రాసుకోలేదు.

రెండేళ్ల తర్వాత ఒక ఆదివారం ఒక కథ తెచ్చింది. అప్పుడు నేను కాలవ లాకుల దగ్గర పనిచేసే ఉద్యోగి గురించి నాటకం చేయిస్తున్నాను. మొదటి సగం అయింది, రెండో సగం కదలడం లేదు. రాసేవాళ్లు ఇద్దరు మారారు.

ఆ అమ్మాయి కొల్లేటికోటలో చుట్టాల ఇంటికి వెళ్లినప్పుడు, చెరువుల మీద పనిచేసే ఆడవాళ్లు చెప్పారట. వాళ్ల చిన్నతనంలో కొల్లేరు పొంగినప్పుడు ఒక పెళ్లివారు ఊళ్లో చిక్కుకుపోయారు. పెళ్లి అయింది, వెళ్లడానికి దారి లేదు. అటువాళ్లూ ఇటువాళ్లూ నాలుగు రోజులు ఒకే బడి భవనంలో ఉండాల్సి వచ్చింది. మర్యాదలు సరిగ్గా జరగలేదని అప్పటికే వియ్యపురాళ్లిద్దరికీ మాటలు లేవు. నాలుగో రోజు అందరికీ కలిపి ఒకే పడవ దొరికింది. సగం దూరం వెళ్లాక దానికి చిల్లి అని తెలిసింది. వియ్యపురాళ్లిద్దరూ చెరో చెంబు పట్టుకుని గట్టు దాకా నీళ్లు తోడుకుంటూ వెళ్లారు.

"అంతేనండీ కథ" అని నవ్వింది. "నాటకం అవుతుందంటారా?"

అవుతుందని నాకు ఆమె బడి భవనం దగ్గరికి వచ్చేసరికే తెలుసు. పడవ దగ్గరికి వచ్చేసరికి పాట ఎక్కడ రావాలో కూడా తెలుసు. నా లాకుల ఉద్యోగి రెండేళ్లుగా నా చేతిలో నలుగుతున్నాడు. ఈ అమ్మాయికి చుట్టాల ఇంట్లో భోజనం చేస్తుండగా కథ దొరికింది.

"పలచగా ఉందమ్మా" అన్నాను. "సరదాగా ఉంది, చెప్పుకోవడానికి బాగుంటుంది. రెండు గంటలు నిలబడదు."

"అంతేనంటారా అండీ."

"నీ ఇష్టం. నేనైతే పట్టుకోను."

సరేనండీ అంది. నోట్‌బుక్‌లో అది కూడా రాసుకుంది.

ఆ వేసవిలో పంతులుగారు రెండు గురువారాలు వరసగా రాలేదు. మూఢం రోజులే, పెళ్లిళ్లు లేవు. మూడో గురువారం ఫోన్ చేస్తే, "ఉంగుటూరు అమ్మాయి పెళ్లివారి కథ ఒకటి రాయించిందండీ, కూర్చుంటున్నాం. మీకు చెప్పే ఉంటుందనుకున్నాను" అన్నారు. ఆయన గొంతులో హుషారు ఉంది. నా లాకుల పాటలకి వరసలు కట్టేటప్పుడు ఆ హుషారు నేను వినలేదు.

ఆ రోజంతా నాకు పని సాగలేదు. పంతులుగారి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, కుదరలేదు. ఆయన నాకేమీ రాసిచ్చినవారు కాదు. ఆ అమ్మాయి నా దగ్గర దాచలేదు కూడా. రెండు రోజుల తర్వాత తనే వచ్చి చెప్పింది. "మీరు పలచగా ఉందన్నారు కదండీ, అందుకని వియ్యపురాళ్ల గొడవ ముందు నుంచీ పెంచుకుంటూ వచ్చామండీ. మీ మాట పనికొచ్చింది" అంది. అబద్ధంగా చెప్పిన మాట కూడా ఆ అమ్మాయి చేతిలో పనికొచ్చింది.

రీడింగ్ గుండుగొలనులో పెట్టుకున్నారు, హైవే పక్కన ఒక ఫంక్షన్ హాలు ఖాళీగా ఉంటే. గూడెం నుంచి వచ్చేవాళ్లకీ ఏలూరు నుంచి వచ్చేవాళ్లకీ మధ్యలో ఉంటుందని. నన్ను స్వయంగా ఇంటికి వచ్చి పిలిచింది. మా ఆయన కూడా ఉన్నారు. "మేడమ్ లేకుండా నేను ఏదీ తేల్చుకోనండీ" అని ఆయనతో అంది. ఆమె వెళ్లాక ఆయన, "అదృష్టవంతురాలివి, అలాంటి శిష్యురాలు దొరకడం" అన్నారు. అవునన్నాను.

మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టారు. బయట లారీల చప్పుడు, పైన పెద్ద ఫ్యాన్లు. నలభై మంది వచ్చారు. నేను అలవాటుగా గోడవారన కూర్చుని పెన్సిల్ తీశాను. మొదటి అరగంటలో మూడు చోట్ల గుర్తు పెట్టాను. చిన్నవే. నవ్వవలసిన చోట నవ్వారు. నవ్వుతారని ఎవరూ అనుకోని చోట కూడా నవ్వారు. పెళ్లికొడుకు తండ్రి బడి బ్లాక్‌బోర్డు మీద అన్నం వంతులు రాసేటప్పుడు ముందు వరసలో ఒక పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, అంత నవ్వు.

తర్వాత పడవ పాట వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు రెండు కుర్చీల్లో వీపులు ఆనించుకుని కూర్చున్నారు. చేతుల్లో చెంబులు లేవు, ఉన్నట్టు చేతులు కదుపుతున్నారు. పంతులుగారు హార్మోనియం దాదాపు ఆపేశారు. ఒక్క స్వరం పట్టుకుని ఉన్నారు.

మీ చెంబుతో మీరు తోడండి వదినగారూ,
మా చెంబుతో మేము తోడుతాం.
మీ నీళ్లు మా నీళ్లు కలిసిపోయాయండీ,
ఎవరివి ఎన్నని చెప్పుకుంటాం?

మొదట్లో అది దెప్పిపొడుపు. ఒకావిడ అంటుంది, రెండో ఆవిడ తిప్పి అంటుంది. పోనుపోను మాటలు తగ్గిపోతాయి. తోడే ఊపు మాత్రం మిగులుతుంది. చివర్లో ఇద్దరికీ ఒకేసారి ఊపిరి అందదు, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు, మళ్లీ ఒకేసారి మొదలుపెడతారు. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. కానీ గొడవ అయిపోయిందని హాల్లో అందరికీ తెలిసింది. నలభై మందిలో ఒక్కరూ కదలలేదు. నేను వాళ్లని చూడడం మర్చిపోయి పాట విన్నాను.

అలాంటి పాట నా ఐదు నాటకాల్లో ఒక్కటి కూడా లేదు. అది వింటున్నంతసేపూ నేను సంతోషంగానే ఉన్నాను. అది ఆగిన తర్వాత, అందరూ మెల్లగా చప్పట్లు కొడుతుండగా, నాకు ఏడుపొచ్చేంత అసూయ వేసింది. పంతులుగారి మొహం చూశాను. పధ్నాలుగేళ్లు నేను ఆయన్ని అడిగింది ఇదే, ఆయన ఇచ్చింది ఈ అమ్మాయికి.

రీడింగ్ అయ్యాక అందరూ పకోడీలు తింటుంటే ఆ అమ్మాయి నోట్‌బుక్ పట్టుకుని నా పక్కన కూర్చుంది.

"చెప్పండి మేడమ్. ఏం తీసేయమంటారు?"

నేను పెట్టుకున్న మూడు గుర్తులు చెప్పాను. అవి నిజమైనవే. రాసుకుంది. తర్వాత నా నోట్లోంచి వచ్చింది.

"పడవ పాట తీసెయ్యమ్మా."

ఆమె పెన్ను ఆగింది. "ఆ పాటా అండీ?"

"పాట బాగుంది. కాదనను. కథ అక్కడ నిలబడిపోతోంది. చివరికి వచ్చేసరికి జనం ఇంటికి వెళ్లే తొందరలో ఉంటారు. రెండు ఆడగొంతులు ఒకే శ్రుతిలో అంతసేపు అంటే కష్టం. రెండు మాటల్లో కలిపేసి ముగించు."

"అందరూ విన్నారనుకున్నానండీ."

"నువ్వు పాడేవాళ్ల వైపు చూస్తున్నావు. నేను జనం వైపు చూస్తున్నాను."

ఆ చివరి మాట ఆమెకి నేను నేర్పిందే. ఇంక అడగలేదు. "మీరు చెబితే సరేనండీ" అని రాసుకుంది. నేను ఏలూరు బస్సెక్కాను. భీమడోలు మీదుగా ఉంగుటూరు వెళ్లే బస్సులో ఆమె ఉంటుంది, ఫోన్ చేసి వద్దులే అనొచ్చు అనుకున్నాను. రేపు చేద్దాం అనుకున్నాను. చేయలేదు.

వారం తర్వాత వంటింట్లో పప్పు తిరగమోత వేస్తుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఆ పాటేదో బాగుందే, మీ లాకుల నాటకంలోదా?" అన్నారు. నేను పాడుతున్నానని నాకు తెలియదు. కాదని చెప్పి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశాను.

మొదటి ప్రదర్శన ఏలూరులో, ఒక ఆదివారం సాయంత్రం ఆరింటికి. హాలు ముప్పాతిక నిండింది. మొదటి గంట ఎంత బాగా నడిచిందంటే, పాట లేకపోయినా ఫరవాలేదేమోనని నన్ను నేను నమ్మించుకున్నాను. పడవ వచ్చింది. వియ్యపురాళ్లు చెంబులు పట్టుకున్నారు. ఒకావిడ "పోనీలెండి వదినగారూ" అంది, రెండో ఆవిడ "పోనీలెండి" అంది. అంతే, కలిసిపోయారు. రెండు గంటలు పెంచుకుంటూ వచ్చిన గొడవ గాలి తీసేసినట్టు పోయింది. వెనక వరసల్లో కుర్చీలు జరిగిన చప్పుడు వినిపించింది. నేను తలతిప్పి చూడలేదు.

చప్పట్లు మర్యాదగా కొట్టారు. బయట చెప్పులు వేసుకుంటూ, "మొదట్లో బాగుందండీ, చివర తేలిపోయింది" అనుకోవడం విన్నాను. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగింది బాధ కాదు. మొదట ఊపిరి తేలికైంది. బాధ ఇంటికి వచ్చాక మొదలైంది.

నాలుగు రోజుల తర్వాత పంతులుగారు వచ్చారు. గురువారమే, కానీ పొద్దున్నే వచ్చారు, చేతిలో హార్మోనియం పుస్తకాలు లేవు. కాఫీ ఇచ్చాను. గ్లాసు సగం తాగి కింద పెట్టారు.

"టీచరుగారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ పాట మీకు నిజంగా నచ్చలేదా అండీ?"

"నచ్చిందండీ. కానీ కథ అక్కడ నిలబడిపోయింది."

"నిలబడిపోయిందని మీరంటే నేను ఒప్పుకునేవాణ్ణే. ఇంతవరకూ నా పాటలు ఎన్ని తీయించారో, ఒక్కదానికీ నేను అడ్డం చెప్పలేదు. కానీ ఆ రోజు ఆ పాట నడుస్తుంటే మీరు పెన్సిల్ కింద పెట్టేశారండీ. పధ్నాలుగేళ్లలో మీరు పెన్సిల్ కింద పెట్టడం నేను చూడలేదు."

నేను గ్లాసు ఆయన వైపు జరిపాను.

"ఆ అమ్మాయి ఇంక చెయ్యనంటోంది. 'నాకు చెవి లేదండీ, మేడమ్ చెప్పినా నాకు బోధపడలేదు, పాట తీసేశాక మిగతాది కలుపుకోవడం కూడా నాకు చేతకాలేదు' అంటోంది. కొల్లేటికోటలో ఆ ఆడవాళ్లకి మాటిచ్చింది గనక అక్కడ ఒక్కసారి ఆడించి, ఆపేస్తుందట." ఆయన లేచారు. "మీకు చెప్పానంతే. మిగతాది మీకే తెలుసు."

కాఫీ పూర్తి చేయకుండా వెళ్లిపోవడం కూడా ఆయన ఎన్నడూ చేయలేదు.

కొల్లేటికోటలో ఆడేది ఆ శనివారమే. మధ్యాహ్నం కైకలూరు దాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకున్నాను. రెండు వైపులా చేపల చెరువులు, మధ్యలో గట్టు మీద రోడ్డు. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. పొరపాటు పడ్డాను అనొచ్చు. మళ్లీ ఆలోచిస్తే పాట ఉండాలనిపించింది అనొచ్చు. అలా అంటే పాట తిరిగి వస్తుంది, నా పరువూ ఉంటుంది. ఆటో దిగేదాకా అదే చెబుదామనుకున్నాను.

బడి వరండాలో ఆ అమ్మాయి స్టూలు మీద నిలబడి తెర కడుతోంది. నన్ను చూసి గబగబా దిగింది. "మేడమ్, మీరు వస్తారనుకోలేదండీ" అని కుర్చీ తెచ్చి, పమిటతో తుడిచి వేసింది. ఆ కుర్చీ తుడవడం చూశాక నేను కూడబలుక్కున్నది చెప్పలేకపోయాను.

"పడవ పాట దగ్గర కథ నిలబడిపోవడం లేదమ్మా. ఆ రోజు అబద్ధం చెప్పాను. నాటకం మొత్తానికి అదే ప్రాణం. నాకు ఆ రోజే తెలుసు."

అర్థం కానట్టు చూసింది. "ఎందుకండీ?"

"ఓర్వలేక."

ఆమె తెర తాడు చేతికి చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకుంది. ఏడుస్తుందేమో, అరుస్తుందేమో అనుకున్నాను. చాలా నెమ్మదిగా అడిగింది.

"ఇన్నాళ్లు మీరు నాకు చెప్పినవాటిలో ఇంకేవి అలా చెప్పారండీ?"

"ఇదొక్కటేనమ్మా."

"కథ తెచ్చిన రోజు పలచగా ఉందన్నారు. అది?"

నేను తలవంచుకున్నాను. "అదీ అంతే."

"రెండయ్యాయండీ."

"ఇంకేమీ లేవు."

"లేవని నన్నెలా అనుకోమంటారండీ? రెండు నోట్‌బుక్కులున్నాయి నా దగ్గర. పాటకి ముందు మాట తక్కువుండాలన్నారు. చెడ్డ కబురు పొద్దున పూట చెప్పాలన్నారు. అవన్నీ నేను నమ్మి చేశాను. ఇప్పుడు దేన్ని ఉంచుకోవాలి, దేన్ని కొట్టేయాలి?"

పాట తిరిగి పెట్టేయొచ్చని, తప్పు దిద్దుకుపోతుందని అనుకుంటూ వచ్చాను. నేను పాడుచేసింది పాటని ఒక్కదాన్నే కాదని అక్కడ నిలబడ్డాక తెలిసింది. అన్నీ నిజమే అని ఎంత చెప్పినా, చెబుతున్నది నేనే కదా.

ఆమె పంతులుగారి కోసం లోపలికి వెళ్లింది. వియ్యపురాళ్లు వేసే ఇద్దర్నీ పిలిచింది. వాళ్లు మొహాలకి రంగు వేసుకుంటున్నారు. "పాట మళ్లీ పెడుతున్నామండీ, ఇవాళే. గుర్తుందా?" అంది. ఒకావిడ, "మేము మర్చిపోతేగా" అంది. బడి వెనక గదిలో ఒక్కసారి పాడుకున్నారు. నన్ను రమ్మనలేదు. నేను వెళ్లలేదు.

ప్రదర్శన పొద్దు ఉండగానే మొదలైంది. చాపల మీద ముందంతా ఆడవాళ్లు, చెరువు పని నుంచి నేరుగా వచ్చినవాళ్లు కొందరు. పడవలో చిన్నపిల్లగా ఉన్న ఆవిడ కూడా వచ్చిందని ఎవరో చూపించారు. ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. పాట మొదలవగానే ఆవిడ పక్కావిడతో, "మా నాయనమ్మ అచ్చం ఇలాగే సణిగింది" అని గట్టిగానే అంది. చుట్టూ నవ్వారు. పాట సాగేకొద్దీ ఆ నవ్వు తగ్గింది. చివరికి ఇద్దరూ ఒకేసారి ఆగేచోట చాపల మీద అలికిడి లేదు. పాట అయిపోయాక మళ్లీ పాడమన్నారు. మళ్లీ పాడారు. పంతులుగారు హార్మోనియం మీంచి తలెత్తి నా వైపు ఒక్కసారి చూశారు.

ఆ రోజు నా మనసు కడిగినట్టయిందని రాయాలని ఉంది. కాలేదు. రెండోసారి పాడమన్నప్పుడు నాకు మళ్లీ అదే కడుపుమంట. నా నాటకాల్లో ఏ పాటనీ ఎవరూ రెండోసారి అడగలేదు.

ఆ నాటకం తర్వాత చాలా ఊళ్లు తిరిగింది. ఆకివీడు, భీమవరం, కృష్ణా జిల్లా దాకా. ఆ అమ్మాయి మానేయలేదు, రెండోది మొదలుపెట్టింది. నా దగ్గరికి మాత్రం రాలేదు. తగువు లేదు, ఎక్కడ కనబడినా నమస్కారం పెడుతుంది. రీడింగ్‌కి పిలవదు. పంతులుగారు తన గురువారాలు పంచేశారు, ఒక వారం నాకు, ఒక వారం ఆమెకి. నా ఇంట్లో కాఫీ మళ్లీ పూర్తిగా తాగుతున్నారు.

నా లాకుల నాటకం ఎట్టకేలకు కిందటేడు పూర్తయింది. బాగానే ఆడింది. ఆడిన రోజు ఒక పెద్దమనిషి స్టేజీ దగ్గరికి వచ్చి, "ఆ పడవ పెళ్లి నాటకం కూడా మీదేనటగా అండీ, ఎంత బాగుంటుందో" అన్నారు. కాదండీ, నా దగ్గర పనిచేసిన అమ్మాయిది అన్నాను. ఆ మాట అనడానికి నాకు కొంచెంసేపు పట్టింది. అన్నాక కూడా, "నా దగ్గర పనిచేసిన" అని చేర్చకుండా ఉండవలసింది అనుకున్నాను.

ఇప్పుడు ఎవరు రీడింగ్‌కి పిలిచినా నా అభిప్రాయం ఆ రోజు చెప్పను. ఇంటికి వచ్చి, రెండు రోజులాగి, కాగితం మీద రాస్తాను. రాసింది చదువుకుంటాను. ఎక్కడైనా నాకు బాగా ఓర్వలేనితనం కలిగిన పాట ఉంటే, దాని గురించి ముందు రాస్తాను, బాగుందని. అలా రాసిన కాగితాలు కొన్ని పోస్ట్ చేయడానికి నాకు వారం పట్టింది.

మొన్న గూడెం బస్టాండులో ఆ అమ్మాయి కనబడింది. చేతిలో స్పైరల్ బైండింగ్ చేయించిన స్క్రిప్టు ఉంది. పిల్లల చదువులు అడిగాను. నా మోకాళ్ల నొప్పులు అడిగింది. ఏలూరు బస్సు రావడానికి ఇంకా ఐదు నిమిషాలుంది.

"కొత్తదా?" అన్నాను.

"అవునండీ. మూడోది."

"ఎంతవరకు వచ్చింది?"

"రెండో సగం దగ్గర కొంచెం బరువుగా ఉందండీ. చూడాలి."

చేతులు స్క్రిప్టు మీద పెట్టుకుని నిలబడింది. చూపించమని నేను అడగలేదు, చూడమని ఆమె అనలేదు. బస్సు వచ్చింది. "జాగ్రత్తగా ఎక్కండి మేడమ్" అని నా సంచి అందించింది. కిటికీ పక్కన సీటు దొరికింది. గూడెం దాటేదాకా ఆ రెండో సగంలో ఏముండి ఉంటుందా అని ఆలోచిస్తూనే ఉన్నాను.